ఒక్క ఫోటో అయినా

“ఒక్కటైనా ఉందేమో, మళ్ళీ చూడండి,” అన్నాడు పెద్దాయన బల్ల అంచు గట్టిగా పట్టుకుని.

మెకానిక్ ల్యాప్‌టాప్‌ను తన వైపు తిప్పుకున్నాడు. ఆ వీధిలో అతన్ని అందరూ డాక్టరనే పిలుస్తారు. చచ్చిందనుకున్న యంత్రాన్ని కూడా లేపి కూర్చోబెడతాడని పేరు. ఇంట్లో మాత్రం సొంత మిక్సీ బాగుచేసుకోలేని డాక్టరని భార్య దెప్పుతూ ఉంటుంది. ఇవాళ ఆ పేరు నిలబెట్టుకోవాలని అతనికి ఎన్నడూ లేనంత పట్టుదలగా ఉంది. కొట్లోకి వస్తూనే పెద్దాయన చెప్పిన మాట అలాంటిది.

“ఇందులో మా అమ్మాయి ఫోటోలుండేవి. అవి ఉన్నాయో లేవో తేల్చి చెప్పండి. ఇంకేమీ అక్కర్లేదు.”

ఆ మాట అని ఆయన కళ్ళద్దాలు పైకెత్తి కళ్ళు తుడుచుకున్నాడు. మెకానిక్‌కూ ఒక కూతురుంది, బడికెళ్ళే పిల్ల. అమ్మాయికి ఏమైందని అడగడానికి అతనికి నోరు రాలేదు.

“సిస్టమ్ మళ్ళీ కొత్తగా ఎక్కించినట్టున్నారు. కొన్నప్పుడు ఇచ్చిన డిస్కులున్నాయా?”

“డిస్కులేం లేవు. లోపలే ఏదో దాచి ఉంటుందట కదా, దాంతోనే ఎక్కించాడు.”

“ఎవరు?”

“ఒకబ్బాయి. నా ఎదురుగా కూర్చునే చేశాడు. చేతులు ఒకటే వణుకు.”

మెకానిక్‌కు ఒళ్ళు మండింది. “చేతకాని ప్రతివాడూ వేలు పెడితే ఇంతేనండీ! ముందు ఫోటోలు పక్కకి తీసుకోవాలన్న ఇంగితం ఉండక్కర్లేదూ? వాడు నా చేతికి దొరకాలిగానీ...”

“నాకూ అలాగే అనిపించింది,” అన్నాడు పెద్దాయన తల దించుకుని.

“పోనీ ఫోన్లోనో, పెన్‌డ్రైవులోనో కాపీలున్నాయేమో?”

“అన్నీ వెతికించాం. ఎక్కడా లేవు. మిగిలింది ఇదొక్కటే.”

మెకానిక్ ల్యాప్‌టాప్ లోపలి హార్డ్‌డిస్కు ఊడదీసి తన కంప్యూటరుకు తగిలించాడు. చెరిగిపోయిన ఫైళ్ళను వెతికే ప్రోగ్రాం నడిపించాడు. తెర మీద పచ్చగీత నత్తలా పాకుతోంది. పెద్దాయన దాని మీంచి చూపు తిప్పలేదు. మంచినీళ్ళు ఇస్తే గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగడం మరిచిపోయాడు.

ఊరికే కూర్చోలేక మెకానిక్ మాటలు కలిపాడు. “మళ్ళీ ఎక్కించడంలో రెండు రకాలున్నాయండీ. మొదటిది పైపైన తుడవడం. పలక మీద రాసింది చేత్తో తుడిస్తే అచ్చు కనబడుతూనే ఉంటుందే, అలాగ. దాన్ని మేం పైకి తీయగలం. రెండోది మొత్తం కడిగేయడం. దానికి పూటంతా పడుతుంది.”

“పూటంతా పట్టింది.”

మెకానిక్ తల పట్టుకున్నాడు. “అయ్యో! అందరూ మొదటిదే నొక్కుతారండీ, అంత ఓపిక ఎవరికుంటుంది? వాడు సరిగ్గా రెండోదే నొక్కాలా?”

“నేనే నొక్కమన్నాను. అదైతేనే మంచిదని ఎవరో చెప్పారు.”

ఇక మెకానిక్ ఎవర్ని తిడతాడు? కూతురి ఫోటోలు చేజేతులా చెరిపించుకున్న తండ్రిని ఏమని ఓదార్చాలో తెలియక మళ్ళీ పచ్చగీత వైపు తిరిగాడు.

అంతలో కంప్యూటరు టింగుమంది.

“దొరికాయండీ! ఫోటోలున్నాయి!” మెకానిక్ గంతేసినంత పని చేశాడు.

పెద్దాయన ముఖంలో నెత్తుటి చుక్క లేదు. గబుక్కున లేచి రెండు చేతులూ తెరకు అడ్డం పెట్టాడు. “మీరు చూడకండి. దణ్ణం పెడతాను, కాస్త అటు తిరగండి. నేను చూస్తాను.”

మెకానిక్ గోడ వైపు తిరిగాడు. బిడ్డ ముఖం చూసుకోబోయే తండ్రికి మధ్యలో పరాయివాడెందుకు అనుకున్నాడు. వెనక మౌసు చప్పుడు, ఆ వెంటనే పెద్ద నిట్టూర్పు వినిపించాయి.

“కొండలు, సముద్రం, ఏవో పూలు. ఇంతేనా?”

మెకానిక్ ఇటు తిరిగి చూసి ఉసూరుమన్నాడు. సిస్టమ్‌తో పాటే వచ్చే బొమ్మలవి. నాలుగు రోజులు ఉంచి వెళ్ళండి, ప్రయత్నిస్తానని ఒక అబద్ధం ఆడదామా అనిపించింది. ఆశ పెట్టి పంపడం ఈ వృత్తిలో మామూలే. ఈ మనిషి ముందు మాత్రం ఆ మాట గొంతు దాటలేదు.

“లాభం లేదండీ. పోయాయి.”

“మీకన్నా పెద్దవాళ్ళు, పెద్ద పెద్ద మిషన్లున్నవాళ్ళు ఎవరైనా తీయగలరా?”

“ఆ దేవుడు దిగొచ్చినా తీయలేడు.”

“మీ ఇంటి పిల్లవే అయినా ఇదే మాట చెబుతారా?”

“ఇదే చెబుతానండీ,” అన్నాడు మెకానిక్ నేల చూపులు చూస్తూ.

పెద్దాయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, ముఖం చేతుల్లో దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆయన భుజం మీద చెయ్యి వేయడం తప్ప డాక్టరుకు ఇంకే వైద్యమూ తోచలేదు. తన కళ్ళూ తడిశాయి. జీవితంలో ఇంత చేతకానివాడిగా అతనెప్పుడూ నిలబడలేదు.

ఆయన వెళ్ళాక చూస్తే కళ్ళద్దాలు బల్ల మీదే ఉన్నాయి. మెకానిక్ వాటిని పట్టుకుని పరుగెత్తాడు. వీధి మలుపులో కారు ఆగి ఉంది. పెద్దాయన వంగి లోపలికి తల పెట్టి మాట్లాడుతున్నాడు. వెనక సీట్లో ఎవరో ముఖం మీదికి శాలువా లాక్కుని ముడుచుకుని కూర్చున్నారు. భార్య కాబోలు, ఈ కబురు ఆమెకు ఎలా చెబుతున్నాడో పాపం అనుకుంటూ మెకానిక్ రెండడుగుల వెనకే ఆగిపోయాడు.

పెద్దాయన ఆ తల నిమిరాడు.

“ఒక్కటీ మిగల్లేదు తల్లీ, వాడింక నిన్ను బెదిరించలేడు.”