ఆ పిల్లోని తల్లి

“లైసెన్సు లేదని ఫోన్లోనే చెప్తి గదా జబీనా. మళ్ళా ఎండన పడి ఎందుకొస్తివి?”

లావణ్య కంప్యూటర్ మీంచి తల ఎత్తలేదు. నంద్యాలలోని ఆ ఫార్మసీ కాలేజీ లైబ్రరీ అంతా ఆమె చేతుల్లోనే నడుస్తుంది. చిన్నప్పటి స్నేహితురాలు జబీనా నాలుగేళ్ల కొడుకు సమీర్‌ను చంకనేసుకుని, ఆళ్లగడ్డ బస్సు దిగి నేరుగా ఇక్కడికే వచ్చింది. బల్ల మీద కూర్చోబెడితే వాడి కాళ్లు రెండూ గుడ్డ పీలికల్లా వేలాడాయి. ఎడమ కాలి నల్లతాడుకున్న ఆకుపచ్చ గుండీతో ఆడుకోసాగాడు. ఎప్పుడో మువ్వ ఊడిపోతే, దాని చోట వాళ్ల నాయన మాబాషా తన చొక్కా గుండీ తెంపి కట్టాడు.

“ఇంకోసారి చదువు,” అంది జబీనా. “ఆ డాక్టర్ల పత్రికలో పైన దుడ్లు లేకుండా కనపడేది.”

“ఎన్నిసార్లు చదవాల? ‘చాలా అరుదైన కండరాల జబ్బు. మూడేళ్ల మగపిల్లవాడు. కొత్త మందు ఇచ్చాక నడిచాడు. పూర్తిగా కోలుకున్నాడు.’ అంతే. మందు పేరు, మోతాదు, అన్నీ లోపల ఉంటాయి. లోపలిది దుడ్లు కట్టి లైసెన్సు తీసుకున్న కాలేజీలకే తెరుచుకుంటాది.”

ఆ నాలుగు ముక్కలూ జబీనాకు కంఠస్థమే. సమీర్‌ది అదే జబ్బు. నిరుడు పెద్దాసుపత్రిలో ఉన్నప్పుడు ఒకరోజు వాడు మంచం పట్టుకుని నాలుగడుగులు వేశాడు. వార్డంతా చప్పట్లు కొట్టింది, ఫోన్లు పైకి లేచాయి. ఇంటికొచ్చాక మళ్ళీ కూలబడ్డాడు. తిరిగి తీసుకుపోతే, వాడికి మందిచ్చిన డాక్టరు బదిలీ అయ్యాడన్నారు. ఇక ఆమెకు మిగిలిన ఆశల్లా ఎక్కడో నడుస్తున్న ఆ పిల్లవాడే.

“మందు పేరు దొరక్కపోయినా మానె. ఆ పిల్లోని తల్లి యాడుందో తెలిస్తే చాలు. ఒక్కసారి కలిసి, ఏం చేసిందో అడుగుతా.”

లావణ్య బల్ల మీది పుస్తకాలు సర్దసాగింది.

పక్క కంప్యూటర్ దగ్గర చదువుకుంటున్న విద్యార్థిని జెస్సికా ఇటు తిరిగింది. “ఆ పత్రికా? మన కాలేజీలో మొత్తం వస్తాది గదా మేడం. ఎట్ల తెరవాల్నో మీరే మాకు చూపిస్తిరి.”

జబీనా ముఖం మాడిపోయింది. “అయితే లైసెన్సు ఉండాదన్నమాట.”

“బయటోళ్లకు చూపీకూడదు. రూలు. తెలిస్తే అందరికీ కట్ చేస్తారు.”

“ఇందాక లేదంటివి. ఇప్పుడు రూలంటాండావ్. ఇంగా ఏమేముండాయి నీ దగ్గర?”

“ఇంటికి పో జబీనా. నీ మంచికే చెప్తాండా.”

“తొమ్మిదిలో నన్ను బడి మాన్పిచ్చినప్పుడు నా పుస్తకాలన్నీ నీకే ఇస్తి. నేనేమన్నా లైసెన్సు అడిగితినా?” ఆమె గొంతు పెంచలేదు. అయినా జెస్సికా తల దించుకుంది. “చదువు రాందానికి ఏ అబద్ధమైనా చాల్లే అనుకుంటివి. నాకు లావణ్య ఉండాదని ఇంట్లో ఎంత చెప్పుకుంటినో.”

లావణ్య పైట చెంగుతో కళ్లు ఒత్తుకుంది. “చూసినాక తిట్టుకో,” అని మౌస్ నొక్కింది.

ఒక్క నొక్కుకే తెరుచుకుంది. లోపలంతా ఇంగ్లీషు. జబీనా అక్షరాలు వదిలేసి బొమ్మ కోసం వెతికింది. రెండో పేజీలో ఉంది. ముఖాన్ని మసక చేసేశారు. పిల్లవాడు మంచం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“కింద ఏం రాసినారు?”

“కోలుకున్న తర్వాత, అని,” అంది లావణ్య.

జబీనా తెర మీదికి వంగి, ఆ అదృష్టవంతురాలి బిడ్డను తల నుంచి కిందికి ఆశగా చూసుకుంటూ వచ్చింది. ఆసుపత్రి చొక్కా. సన్నటి కాళ్లు.

ఎడమ కాలి తాడుకు ఆకుపచ్చ గుండీ ఉంది.