బదులు

వీధిలో ఏ ఆడపిల్ల కనిపించినా రాజయ్య నోట ఒకటే పిలుపు, ‘బిడ్డా’.

కూరగాయల బండి తోసుకొచ్చే పిల్లనూ అంతే, పక్కింటి కొత్త కోడలినీ అంతే.

హరిత కారు గేటు ముందు ఆగితే మాత్రం బీడీ పారేసి లేచి నిలబడేవాడు.

“నమస్తే మేడం.”

ఆమె చిన్నప్పుడు ‘చిన్నమేడం’, ఇప్పుడు ‘మేడం’. అంతే తేడా.

నాచారంలోని ఆ ఇంటి వెనక గదిలో, హరితకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన ఉంటున్నాడు. దగ్గర్లోని కంపెనీలో పనిచేసి రిటైరయ్యాడు. అద్దె లేదు, కాగితం లేదు. అమ్మ, ఆ తర్వాత నాన్న ఉమామహేశ్వర్ పోయాక ఇల్లు హరిత చేతికొచ్చింది. పాత ఇల్లు తీసేసి అపార్ట్‌మెంట్ కడతానన్న బిల్డర్ ఒకటే షరతు పెట్టాడు. ముందు వెనక గది ఖాళీ కావాలి.

“సార్ ఉండమన్నడు మేడం. ఉంటున్న,” అన్నాడు రాజయ్య.

“ఎన్నాళ్లు?”

“ఉన్నన్నాళ్లు.”

హరిత కోర్టుకెళ్లింది.

“విచారణ మొదలు కాకముందే ఎదుటివాళ్లకు ప్రశ్నలు రాసి పంపొచ్చమ్మా,” అన్నాడు ఉప్పల్‌లోని ఆమె వకీలు రామచంద్రరావు. “కోర్టు ఒప్పుకుంటే అతను ప్రమాణం చేసి జవాబులు రాసివ్వాలి. దాంతో సగం సంగతి తేలిపోతుంది.”

“ప్రశ్నలు నేను రాస్తాను సర్.”

పోచారంలో ఆమె ఉద్యోగమే అది. ఇతరులు రాసిన కంప్యూటర్ ప్రోగ్రాంలలో తప్పు ఎక్కడ దాక్కుందో వెతికి పట్టుకోవడం. ఎవరూ పక్కకు తప్పుకోలేని ప్రశ్న ఎలా వేయాలో ఆమెకు బాగా తెలుసు.

ఎవరు ఉండమన్నారు, రాతపూర్వకంగా ఏమైనా ఉందా, అద్దె ఎప్పుడైనా కట్టారా అని వరుసగా రాసి, చివర ఒకటి చేర్చింది.

‘ఆ గదికి బదులుగా మా నాన్నగారికి మీరు ఏమిచ్చారు?’

వకీలు అది రెండుసార్లు చదువుకున్నాడు.

“గట్టిదే వేశావమ్మా. ఏమీ ఇవ్వలేదంటే ఊరికే ఉన్నట్టు. ఇచ్చానంటే రుజువు చూపాలి. ఎటు తిరిగినా మనకే లాభం.”

జవాబులు వచ్చాయి. సార్ ఉండమన్నాడు. కాగితం లేదు. అద్దె కట్టలేదు. అన్నీ నిజాలే, అన్నీ ఆయనకు నష్టమే.

చివరి ప్రశ్నకు మాత్రం బదులు లేదు.

జవాబు ఇచ్చి తీరాలని కోర్టు ఆదేశించింది. గడువిచ్చింది. ఆ గడువు ముగిసే రోజున, కోర్టు వరండాలో రాజయ్యను ఆయన వకీలు మహిపాల్ నిలదీస్తుండటం హరిత చెవిన పడింది.

“తాతా, జర నా మాటిను. గా ఒక్కదానికి జవాబు రాయకపోతే నీ వాదన మొత్తం కొట్టేస్తరు.”

“కొట్టేయనీ.”

“ఏమియ్యలేదని రాయరాదు? నీ సొమ్మేం పోతది?”

“ప్రమాణం జేసి అబద్ధమెట్ల రాస్త కొడుకా?”

“మరి నిజం రాయి. నేనేమన్న వద్దంటున్ననా?”

రాజయ్య తల తిప్పాడు. అప్పుడే హరిత కనిపించింది. పైపంచె సర్దుకుని లేచి నిలబడ్డాడు.

“అది రాసేది కాదు,” అన్నాడు మెల్లగా.

ఏదో లొసుగు ఉంది, లేకపోతే ఎందుకు దాస్తాడు, అనుకుంది హరిత.

ఆయన వాదన కొట్టేశారు. తీర్పు ఆమెకు అనుకూలంగా వచ్చింది.

ఖాళీ చేసే రోజు రాజయ్య గది ఊడ్చి, తాళంచెవి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. బయట ఆటోలో ఒక ట్రంకుపెట్టె, చుట్టిన పరుపు. శాపనార్థాలు పెడతాడేమోనని హరిత ముందే మనసు గట్టి చేసుకుని ఉంది.

“ఉప్పల్ కాడ రోడ్డంత తవ్విపెట్టిన్రు,” అన్నాడాయన. “బండి జర మెల్లగ నడుపు.”

‘నడుపుండ్రి’ అనలేదు. ఇన్నేళ్లలో అదే మొదటిసారి. కేసు ఓడినవాడికి ఇంక మర్యాదతో పనేముంది, అనుకుని గేటు వేసేసింది.

ఇంటి సామాను సర్దుతుండగా ఒకరోజు ఒక ముసలామె వచ్చింది.

“నా పేరు వెంకటనర్సమ్మ. జనగామ దిక్కు. రాజయ్య చెల్లెను.”

“ఆయన ఇప్పుడిక్కడ లేరండీ.”

“ఎరికే. పీర్జాదిగూడల కొత్త బిల్డింగుకాడ వాచ్‌మన్‌గ ఉండె. మొన్న పోయిండు.”

హరిత కుర్చీ జరిపింది. ముసలామె కూర్చోలేదు.

“అయ్యో. కానీ... నాకెందుకు చెబుతున్నారు?”

ముసలామె ఆమె ముఖంలోకి పరీక్షగా చూసింది.

“నువ్వు నడిచొస్తుంటె మా వదినె వస్తున్నట్టే ఉన్నది.”

“ఎవరండీ?”

“మా అన్న పెండ్లాం. ఈడనే, దవాఖానల, కాన్పుల పోయింది. పిల్ల దక్కింది. తల్లిలేని పసిగుడ్డును ఒక్కడు ఎట్ల సాకుతడు?”

హరిత చేతిలోని గాజుగ్లాసును బల్ల మీద పెట్టింది. వెనక గది తలుపు తెరిచే ఉంది. లోపల ఆయన ఊడ్చి వెళ్లిన నేల.

రాసి పంపినప్పుడు ఖాళీగా తిరిగొచ్చిన ప్రశ్ననే ఆమె మళ్లీ అడిగింది.

“ఆ గదికి బదులుగా... మా నాన్నకు ఆయన ఏమిచ్చాడు?”

“మాటిచ్చిండు,” అంది వెంకటనర్సమ్మ. “లోకంల ఎవరినన్న పిలుస్త గని, నిన్నొక్కదాన్ని మాత్రం బిడ్డా అని పిలువనని.”