కాగితం మీద పోట్లాట

గొడవ గాజాలో తూకం దగ్గరే మొదలైంది. ఆ రోజుల్లో విమానం ఎక్కేముందు మనుషుల్నీ బస్తాల్లా తూచేవాళ్లు. నెరిసిన మీసాల పెద్దాయనొకడు కాటా మీద నిలబడి, ముల్లు ఊగుతుంటే చిన్నపిల్లాడిలా చూస్తూ ఉండిపోయాడు.

"కాస్త జరగండి," అంది వెనక నుంచి సబీహా. మూడుసార్లు అంది. ఆయన తల కూడా తిప్పలేదు.

"అబ్బో, ఎంత పొగరు!" అనుకుంది ఆ బాగ్దాదు పంతులమ్మ.

ఖర్మకొద్దీ ఆయన పక్క పేము కుర్చీయే ఆమెకు దక్కింది. మూడు ఇంజన్లూ ఒక్కసారిగా గర్జించాయి. ప్రయాణికులంతా కంపెనీవాళ్లిచ్చిన దూది చెవుల్లో కుక్కుకున్నారు. ఇక ఏ మాటైనా కాగితం మీద రాసి చూపించుకోవాల్సిందే.

కిందికి చూస్తే కళ్లు తిరుగుతున్నాయని సబీహా కిటికీ తెర లాగేసింది. ఆయన తీసేశాడు. ఆమె మళ్లీ లాగి, పుస్తకం తెరిచి రాసింది.

'తెర జోలికి రాకండి. మర్యాద నేర్చుకోండి.'

ఆయన ఠక్కున జేబులోంచి పెన్సిల్ తీశాడు.

'యూఫ్రటీసు ఒడ్డున మా ఊరుంది. పైనుంచి ఒక్కసారి చూడాలని ఐదేళ్లుగా ఆశ.'

'నేను వాంతి చేసుకుంటే మీ ఊరొచ్చి కడుగుతుందా?'

'రాతే ఇంత కారంగా ఉంది. మీ ఇంటాయన బతికే ఉన్నాడా?'

'నిక్షేపంగా ఉన్నాడు. పిలిస్తే పలుకుతాడు, మీలా కాదు.'

అది చదివి ఆయన పగలబడి నవ్వాడు. సబీహాకు ఒళ్లు మండింది. ఆయన రాతలో తప్పులన్నీ దిద్ది, పదికి రెండు మార్కులు వేసి ఇచ్చింది.

కాసేపటికి ఆయన మళ్లీ రాశాడు. 'నది వచ్చే వేళైంది. ఒక్క నిమిషం. మీ కాళ్లు పట్టుకుంటాను.'

ఆమె తెరను పిడికిట్లో బిగించి కూర్చుంది. బాగ్దాదులో చక్రాలు నేలను తాకేదాకా వదల్లేదు.

ఇంజన్లు ఆగాయి. సబీహా చెవుల్లో దూది పీకి పారేసి, విమానమంతా వినేలా అందుకుంది.

"తల నెరిసింది, సిగ్గు లేదూ? మూడుసార్లు పిలిస్తే రాయిలా నిలబడతారా? ఇప్పుడైనా నోరు విప్పండి!"

ఆయన ఆమె పెదాల వంక చూశాడు. కాగితం తిప్పి, నింపాదిగా రాసి అందించాడు.

'రాగి బజారులో బిందెలు కొట్టీ కొట్టీ, ఆ సుత్తుల మోతకు నా చెవులు పోయి పదేళ్లయిందమ్మా. ఇన్నాళ్లకు నాతో సరిసమానంగా పోట్లాడింది మీరొక్కరే, ఆపకండి, రాయండి.'