సారు వీపు వెనకాల బొమ్మ

సారు నా బొమ్మకి వీపు పెట్టి నిలబడ్డాడు.

దేశం కాని దేశం. తెల్ల గోడల పెద్ద హాలు. ఎవరి దగ్గరా నేర్చుకోకుండా సొంతంగా బొమ్మలేసేవాళ్ళ పనంతా అక్కడ పెట్టారు. ఒక వడ్రంగి, చేపలమ్మే ఆవిడ, జైల్లో ఇరవై ఏళ్ళున్న ఓ ముసలాయన. నావి ఎనిమిది.

నా వంతొచ్చింది. వందమంది నిలబడి చూస్తున్నారు. నాకు వాళ్ళ భాష రాదు. అందుకే సారుని తోడిచ్చి పంపారు.

ఈ సారు, నేను చీపురు పట్టిన బొమ్మల కాలేజీలో డ్రాయింగ్ మాస్టారు. ఇప్పుడు ప్రిన్సిపాలు.

ఆ కాలేజీ పిల్లలు రంగు ట్యూబులు పైపైన పిండేసి పారేసేవాళ్ళు. నేను చెత్తబుట్టలోంచి ఏరుకుని, బ్లేడుతో చీల్చి, లోపల అంటుకున్నదంతా అగ్గిపుల్లతో గీకేదాన్ని. ఇంటికెళ్ళి అట్టముక్కల మీద బొమ్మలేసుకునేదాన్ని.

ఓ రోజు వరండాలో, క్లాసు క్లాసంతా చూస్తుండగా, ఈ మహానుభావుడు నా అన్నం సంచీ బోర్లించాడు.

"చెత్తబుట్టలోవి సార్," అన్నాను.

"దొంగదానికి నోరొకటా!" అన్నాడు.

అంతే. ఉద్యోగం ఊడింది.

అది పోతే పోయింది, ఊడవడానికి ఇంకో గుమ్మం దొరక్కపోదు. పేరు పోయింది. నేను వాకిట్లో కనపడితే చాలు, మా ఆడపడుచు బీరువా తాళాలు తీసి బొడ్లో దోపుకునేది. బళ్ళో నా కూతుర్ని దొంగదాని కూతురనేవాళ్ళు.

తొమ్మిదేళ్ళ పిల్ల. ఓ సాయంత్రం నా పక్కన కూర్చుని, "అమ్మా, నిజంగా తీశావా?" అంది.

పదకొండేళ్ళయింది. ఆ ఒక్క మాటకి సారుని నేను ఏ జన్మలోనూ క్షమించను.

బయల్దేరే ముందు ఆయనే పలకరించాడు. "పాతవన్నీ మనసులో పెట్టుకోకమ్మా. నిన్ను కనిపెట్టింది నేనే కదా!"

"మనసులో ఏమీ లేదు సార్. ఉన్నదంతా బొమ్మల్లో పెట్టేశాను."

అది విని మురిసిపోయాడు కూడా.

బొమ్మలు పెట్టెల్లో సర్దుతుంటే వచ్చి కాయితాల మీద సంతకాలు చేశాడు. ఒక్కటైనా విప్పి చూస్తే ఒట్టు. ఊడ్చేదాని బొమ్మల్లో చూడ్డానికేముందని కాబోలు. ఇక్కడికొచ్చాకా అంతే. పెద్దవాళ్ళతో చేతులు కలపడం, ఫోటోల్లో ముందుకి జరగడం.

ఉపన్యాసం మొదలెట్టాడు. నా వైపు ఒకసారి, తన గుండెల వైపు నాలుగుసార్లు చెయ్యి చూపించాడు. భాష రాకపోతేనేం, గొప్పలు అర్థం కావా?

గ్యాలరీ నడిపే పెద్దావిడ నన్నేదో అడిగింది.

"రంగులెక్కడివని అడుగుతోంది," అన్నాడు సారు.

"చెత్తబుట్టలోవని చెప్పండి. వాటికే మీరు నన్ను అందరి ముందూ దొంగన్నారని కూడా చెప్పండి."

సారు నవ్వు చెదరలేదు. వాళ్ళ భాషలో రెండు ముక్కలు పలికాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఒళ్ళు మండిపోయింది. దొంగన్నారంటే చప్పట్లు కొడతారా ఎవరైనా?

సారుని దాటుకుని బొమ్మ దగ్గరికెళ్ళాను. అందులో ఉన్నవి ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించాను. బోర్లించిన సంచీ. నేలంతా ట్యూబులు. మూలకి నక్కిన చీపురు మనిషి. ఆ మనిషిని చూపించి, నన్ను చూపించుకున్నాను.

తర్వాత మధ్యలో నిలబడ్డాయన్ని చూపించాను. ముక్కు కొసకి జారిన కళ్ళజోడు, ఎడమ కనుబొమ్మ మీద పులిపిరి, జేబులో మూడు పెన్నులు. చుట్టూ ఉన్న పిల్లలకెవరికీ నేను మొహాలు పెట్టలేదు. ఆయనొక్కడికే పెట్టాను.

వేలు సారు వైపు తిప్పాను.

అప్పుడు తిరిగి చూశాడు. పదకొండేళ్ళలో మొదటిసారి నా బొమ్మ చూశాడు.

తేలు కుట్టిన దొంగ ఎలా ఉంటాడో ఆ పూట కళ్ళారా చూశాను.

జనం బొమ్మని చూస్తారు, ఆయన్ని చూస్తారు, మళ్ళీ బొమ్మని చూస్తారు. వెనకెవరో కిసుక్కున నవ్వారు. నా కడుపు ఎంత చల్లబడిందో చెప్పలేను.

పెద్దావిడ ఈసారి నన్నడగలేదు, సారునడిగింది. ఆయన కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. ఆవిడ వదల్లేదు. చివరికి తల దించుకుని ఏదో గొణిగాడు.

చప్పట్లు లేవు.

"ఏం చెప్పారు సార్?"

"చెప్పాల్సిందే చెప్పాను. ఇంక వదిలెయ్యమ్మా."

"నాకు వాళ్ళ భాష రాదు కదా. మన భాషలో చెప్పండి. దొంగన్నప్పుడు మన భాషలోనే అన్నారుగా."

ఫోన్ తీసి నా కూతురికి కలిపాను. ఇరవై ఏళ్ళిప్పుడు దానికి. "ఒక్క నిమిషం, మా సారు మాట్లాడతారు," అని ఫోన్ తీసుకెళ్ళి ఆయన నోటి దగ్గర పెట్టాను.

సారు చుట్టూ చూశాడు. ఎవరూ కదల్లేదు.

"మీ అమ్మ దొంగ కాదమ్మా," అన్నాడు. "చెత్తబుట్టలోవే అవి. నాకప్పుడే తెలుసు."

ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాను.

"వినపడిందమ్మా," అంది నా కూతురు. "చాలు, వచ్చెయ్."

ఫోన్ మళ్ళీ సారు నోటి దగ్గర పెట్టాను.

"పిల్లకి వినపడలేదట సార్. ఇంకోసారి చెప్పండి."