పసుపు కంపెనీ ఓటీపీ

"మళ్లీ తప్పు ఓటీపీయేనమ్మా!" తరుణ్ విసుగ్గా కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు.

కృపావతి తలెత్తలేదు. ముంచింగిపుట్టులో ఆన్‌లైన్ పనులు చేసిపెట్టే కొట్టు అతనిది. పాపం, సంతరోజు గిరాకీ వదులుకుని మరీ ఆమె కంపెనీ పన్ను రిటర్ను ముందేసుకుని కూర్చున్నాడు.

కంపెనీ అంటే ఏదో పెద్దదనుకునేరు. అక్కాచెల్లెళ్లిద్దరూ పెట్టుకున్న పసుపు వ్యాపారం. అక్క నిర్మల కోరాపుట్‌లో ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. కంపెనీని ఆమె అడ్రసుతోనే ఒడిశాలో రిజిస్టరు చేయించారు. కాగితాలు కృపావతి దగ్గరుంటాయి. ఫోన్ నంబరు మాత్రం అక్కది. రిటర్ను వెయ్యాలంటే ఓటీపీ ఆమెకే వెళ్తుంది.

మూడేళ్లుగా వ్యాపారం లేదు. అక్కాచెల్లెళ్ల మధ్య మాటలూ లేవు. ఏడాదికోసారి ఫోన్లో ఈ ఓటీపీ ఆరంకెలే.

"ఏపారం లేని కంపెనీ ఎందుకమ్మా? మూసీరాదా?" అని తరుణ్ నిరుడే అడిగాడు. కృపావతి విననట్టు కాగితాలు సర్దుకుంది.

మూడేళ్ల కిందట సరుకంతా బూజు పట్టి వెనక్కొచ్చింది. "తడి పసుపు కొన్నావు" అంటూ కృపావతి సంతలో నలుగురి ముందూ అక్కని నానా మాటలూ అంది. తర్వాత చూస్తే, వాన కారింది తన గొడౌను రేకుల్లోంచే. ఆ సంగతి అక్కకి చెప్పడానికి మొహం చెల్లలేదు. అప్పట్నుంచీ అదే లోపల తొలిచేస్తోంది.

అందుకే ఇవాళ ఈ పాడుబుద్ధి పుట్టింది. అక్క చెప్పిన అంకెలు అరచేతిలో రాసుకుంది. తరుణ్‌కి చదివేటప్పుడు ఒకటి మార్చేసింది. రెండుసార్లూ అంతే. తప్పయితే అక్కకి మళ్లీ ఫోన్ చెయ్యొచ్చు కదా!

మొదటిసారి నిర్మల అంకెలు చెప్పి పెట్టేసింది. రెండోసారి, "మీకాడ వానలు పడతన్నాయా?" అంది. ఆ ఒక్క మాటకే కృపావతికి ప్రాణం లేచొచ్చింది.

"మూడోదీ తప్పయితే సైటు రేపటిదాకా తెరుసుకోదు," అన్నాడు తరుణ్.

కృపావతి వరండాలోకి వెళ్లి ఫోన్ చేసింది.

"మళ్లీ ఏటే?"

"అక్కా... ఆయేడు కారింది నా గొడౌనే. తప్పు నాదే. నిన్ను అనరాని మాటలన్నాను."

అవతల నిర్మల నిదానంగా ఆరంకెలు చెప్పింది. ఫోన్ పెట్టేసింది.

కృపావతి ఉసూరుమంటూ లోపలికొచ్చింది. ఇంక ఈ అబ్బాయిని ఏడిపించడం కూడా పాపమే అనిపించింది. ఆ అంకెలు రాసుకున్న అరచెయ్యి అతని ముందు చాపింది.

"నువ్వే సూసి కొట్టు బాబూ."

తరుణ్ ఒక్కొక్క అంకే చూసి కొట్టాడు. తెర వంక చూసి తల పట్టుకున్నాడు.

"ఇదీ తప్పే. రేపు మీ అక్కకి మళ్లీ ఫోన్ సెయ్యాలమ్మా."

ఈసారి అంకె మార్చింది నిర్మలక్క.