మెట్ల కింద

కుక్క పొద్దున్నుంచీ కుడి పాదం నాకుతూనే ఉంది.

టైలరు మిషను ఆపి చూశాడు. వేళ్ళ సందులు ఎర్రగా పుండు పడ్డాయి.

అది ఆయన కూతురు పెంచిన కుక్క. కూతురు పోయి ఎనిమిది నెలలు. ఇంట్లో మిగిలింది ఆయనా, అదీ.

"బెంగ కావచ్చు. దురద కావచ్చు. కాళ్ళకు ఏం తగులుతోందో చూడండి," అంటూ పశువుల డాక్టరు పూతమందు రాసిచ్చాడు.

ఆయనకు మొదటి మాటే వినిపించింది.

ఇల్లు తుడవడానికి కొత్తగా కుదిరినావిడ రెండో రోజే అడిగింది.

"అన్నయ్యా, ఇంత ఫినాయిల్ ఎందుకు? పాపం దాని కాళ్ళు మండుతున్నాయేమో."

"అమ్మాయి మంచాన పడ్డప్పుడు మొదలుపెట్టాను. రెండు పూటలా తుడవాల్సిందే."

"అప్పుడంటే అప్పుడు. ఇప్పుడు..."

"ఇప్పుడూ అంతే. దానిది బెంగ. డాక్టరు కంటే నీకు ఎక్కువ తెలుసా?"

"నాకేం తెలుసు అన్నయ్యా, నా చేతులకు తెలుసు," అంది పగిలిన వేళ్ళు చూసుకుంటూ.

ఆయన మిషను తొక్కడం మొదలుపెట్టాడు.

రెండు నెలల్లో పుండ్లు మానాయి. ఊడిన చోట వెంట్రుకలు కూడా వచ్చాయి.

"మీ మందు మంత్రంలా పనిచేసింది డాక్టరుగారూ," అని ఫోన్ చేసి మరీ చెప్పాడు.

కుక్కకు కొత్త అలవాటొకటి వచ్చింది. ఎవరైనా దగ్గరికి వస్తే చాలు, ముందు పాదం ఎత్తి నిలబడేది.

"షేక్‌హ్యాండ్ ఎవరు నేర్పారే నీకు?" అని నవ్వాడు. చాలా నెలలకు ఆయన నవ్వడం అదే.

ఒకరోజు కొలతలివ్వడానికి వచ్చినాయన ముక్కు ఎగబీల్చాడు.

"ఏంటి మాస్టర్, వాసనే లేదు! ఇదివరకు వీధి మలుపులోనే ఆస్పత్రికి వచ్చినట్టుండేది."

నిజమే. ఆయన కూడా వాసన చూశాడు. ఏమీ లేదు.

మర్నాడు ఆవిడను నిలబెట్టి అడిగాడు.

"నెలకు మూడు సీసాలు ఇస్తున్నాను. ఏమవుతున్నాయి?"

"మెట్ల కింద..."

"మెట్ల సంగతి కాదు. గదిలో వాసనేది? మీ ఇంటికి పట్టుకెళ్తున్నావా?"

ఆవిడ చీపురు గోడకు ఆనించింది.

"దాని కాళ్ళు జాగ్రత్త అన్నయ్యా."

అంతే. వెళ్ళిపోయింది.

తర్వాత చేరినామె చెప్పినంతా పోసి తుడిచింది. ఇల్లంతా వాసన. ఆయనకు ప్రాణం కుదుటపడింది.

పది రోజులకు కుక్క మళ్ళీ పాదం నోట పెట్టింది.

అదే మందు రాశాడు. తగ్గలేదు. రెండింతలు రాశాడు. అయినా తగ్గలేదు.

"పాత ఆవిడ ఎక్కడుంటుంది?" అని కొత్తామెను అడిగాడు, ఎందుకో తనకే తెలియకుండా.

"గది ఖాళీ చేసి ఊరు మారిపోయిందటండీ."

కుక్క మెల్లగా కుంటుతూ మెట్ల కిందికి వెళ్ళింది. అక్కడ కూర్చుని, గోడ వైపు తిరిగి, పాదం ఎత్తి పట్టుకుంది.

ఎంతసేపటికీ దించలేదు.

ఆయన వంగి, గుడ్డపీలికల సంచి పక్కకు జరిపాడు.

ఆరు ఫినాయిల్ సీసాలు వరసగా ఉన్నాయి, ఒక్కదానికీ సీలు తీయకుండా. వాటి పక్కనే ఉతికి మడతపెట్టిన చిన్న గుడ్డ, దాని పోగుల్లో చిక్కుకుని కుక్క పాదాల వెంట్రుకలు.