మేళానికి బీమా

1968 మే 11, శనివారం. ఉదయం తొమ్మిదిన్నరకు బీమా ఏజెంటు నగరేశ్వరరావు కోటబొమ్మాళిలోని పోతురాజు బ్యాండు మేళం పాకకు వచ్చాడు. పన్నెండు గంటలకు మేళానికి బీమా అయింది. ఈ రెండున్నర గంటలూ పోతురాజు అల్లుడు లక్ష్ముడు వద్దంటూనే ఉన్నాడు.

పాకకు తాటాకుల కప్పు. లోపల ఒక క్లారినెట్, మూడు ట్రంపెట్లు, ఒక పెద్ద డ్రమ్ము, రెండు చిన్న డ్రమ్ములు, తాళాలు, పదకొండు ఎర్రకోట్లు ఉన్నాయి. పదకొండు కుటుంబాలు వాటి మీద బతుకుతున్నాయి. అంతకు ముందు వారం రైల్వే గేటు అవతల ఏడు ఇళ్ళు కాలిపోయాయి. మర్నాడే పోతురాజు శ్రీకాకుళంలోని బీమా ఆఫీసుకు కబురు పెట్టాడు.

ఫారం ఇంగ్లీషులో ఉంది. ఆ ఇంట్లో ఎస్సెల్సీ పాసైనవాడు లక్ష్ముడు ఒక్కడే. అతను రెండు వైపులా చదివాడు. మడిచి చాప మీద పెట్టాడు.

“ఇత్తడి కాలతాదేటి మావా? మనకెందుకీ బీమా?”

“ఇత్తడి కాలదు. అతుకులు కరుగుతాయి,” అన్నాడు నగరేశ్వరరావు. “క్లారినెట్ కర్ర. డ్రమ్ములు కర్ర, తోలు. కోట్లు గుడ్డ. ఇంకేం మిగులుతుంది?”

పెద్ద డ్రమ్ము వాయించే దాలయ్య గుమ్మంలో కూర్చుని వింటున్నాడు. వానల్లో తోలు మెత్తబడితే మంట దగ్గర కాచడం అతని పని.

“నా డ్రమ్ము వారానికోపాలి సెగ తింటాది బాబూ. వారం వారం డబ్బులిస్తారేటి?”

ఏజెంటు నవ్వలేదు.

“ఆ మాట ఫారంలో రాయకండి,” అన్నాడు.

“తాటాకు కప్పయితే ఎక్కువ కట్టాలని ఉన్నాది మావా ఇందులో,” అన్నాడు లక్ష్ముడు.

“అది కలిపే ముప్పై రెండు రూపాయలు.”

“ముప్పై రెండు! ఏడాది తిరిగీసరికి ఏటీ కాలకపోతే?”

“ఏటీ కాలకూడదనే కదరా మనం దండం ఎడతన్నాం,” అన్నాడు పోతురాజు.

పక్కనున్న ఇంట్లోంచి లక్ష్ముడి భార్య అమ్మడు మజ్జిగ తెచ్చింది. ఆమెకు ఆరో నెల.

“మా అయ్య సొమ్ము మీద ఇంత జాలెప్పుడు పుట్టింది బావా నీకు?” అంది. ఏజెంటుకు గ్లాసు ఇచ్చి వెళ్ళిపోయింది.

మార్చిలో లక్ష్ముడికి టెక్కలి సమితి ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. జూన్ ఒకటిలోగా చేరాలి. ఆ ఆర్డరు పోతురాజు ట్రంకు పెట్టెలో ఉంది. పెట్టె తాళంచెవి పోతురాజు మొలతాడుకు ఉంది. మేళంలో క్లారినెట్ ఊదేవాడు లక్ష్ముడు తప్ప ఇంకొకడు లేడు. అతను వెళ్తే మేళం ఆగిపోతుంది. వెళ్తే తను వెంట రానని అమ్మడు చెప్పింది.

ఆర్డరు వచ్చిన రోజున పోతురాజు అందరి ముందూ అన్నాడు: “నా పిల్లనిచ్చింది కిలారినెట్టుకిరా, నీకు కాదు. మేళం ఉన్నన్నాళ్ళు నువ్వు ఊదాల.”

ఆ తర్వాత లక్ష్ముడు ఆ సంగతి ఎత్తలేదు. పిలిచిన ప్రతి పెళ్ళికీ వెళ్ళాడు. ఊదాడు.

“ఈ బీమా ఎప్పట్నుంచి పనిచేస్తాది?” అని అడిగాడు ఏజెంటును.

“డబ్బు కట్టి రసీదు తీసుకున్నప్పటి నుంచి.”

“ఇయ్యాల కడితే ఇయ్యాల్టి నుంచేనా?”

“ఇవాళ్టి నుంచే.”

“సోమారం కడదాం మావా. పెళ్ళి డబ్బులు సేతికొస్తాయి.”

“సోమారం దాకా నిప్పు మన కోసం కాసుక్కూకుంటాదేట్రా?” అన్నాడు పోతురాజు. దాలయ్య నవ్వాడు. లక్ష్ముడు నవ్వలేదు.

నగరేశ్వరరావు ఒక్కొక్క వాయిద్యం చేతిలోకి తీసుకుని ధర రాశాడు. క్లారినెట్ దగ్గర ఆగాడు. దాన్ని ఎప్పుడు కొన్నారని అడిగాడు. తన తండ్రి విజయనగరంలో కొన్నాడని పోతురాజు చెప్పాడు. మొత్తం విలువ మూడు వేల రెండు వందలకు తేలింది.

“అంతా కాలిపోతే?” అన్నాడు పోతురాజు.

“అంతా వస్తుంది మేస్టారూ. మద్రాసు నుంచి కొత్త సెట్టు తెప్పించుకోవచ్చు. రెండు నెలలు తిరక్కుండా మేళం మళ్ళీ మోగుతుంది.”

“కిలారినెట్టు కూడానా?” అన్నాడు లక్ష్ముడు.

“ముందు వచ్చేది అదే.”

పోతురాజు తొడ చరిచాడు.

“ఇన్నావురా అల్లుడా? నా మేళానికి ఇంక సావు నేదు. సాచ్చి సంతకం ఎట్టు.”

“ఇంకోపాలి ఆలోసించు మావా.”

“నీకేటి పోయిందిరా? కట్టీది నాను.”

పోతురాజు వేలిముద్ర వేశాడు. లక్ష్ముడు కలం తీసుకున్నాడు. సిరా ఒలికి ఫారం పాడైంది. ఏజెంటు సంచిలోంచి ఇంకో ఫారం తీసి మొదటి నుంచి మళ్ళీ నింపాడు. పోతురాజు మళ్ళీ వేలిముద్ర వేశాడు. ఈసారి లక్ష్ముడి సంతకం సరిగా పడింది. ఏజెంటు రసీదు మీద తేదీ వేసి, పక్కన గంట కూడా రాశాడు.

ఆ రోజు మేళానికి నరసన్నపేటలో పెళ్ళి ఉంది. మూడు గంటలకు దాలయ్య డ్రమ్ములు బండికి ఎక్కించాడు. పోతురాజు క్లారినెట్ తుడిచి తనే అల్లుడి చేతికి ఇచ్చాడు.

బండి కదిలేముందు లక్ష్ముడు ఇప్పుడే వస్తానని చెప్పి పాక వెనక్కి వెళ్ళి, కట్టెల కింద మంగళవారం నుంచి దాచి ఉంచిన కిరసనాయిలు డబ్బా తీసి, వంటింట్లో దాని చోట తిరిగి పెట్టి వచ్చాడు.